నేను మత్ఫీ మాస్టర్‌నైన విధం

కార్ల పెయింటింగ్ నేర్చుకుని గల్ఫ్ వెళ్దామనుకుంటున్న మా వైపు కుర్రాళ్ళు ఈమధ్య నన్ను దొరకబుచ్చుకుని, "మీ అనుభవాలు చెప్పండి బాబాయ్" అంటున్నారు. అనుభవాలంటే వాళ్ళ ఉద్దేశం గొప్పలు. అవి నా దగ్గర దండిగా ఉన్నాయి, అడక్కపోయినా చెప్తాను. కువైట్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు బండ్లకి రంగు కొట్టి వచ్చి, అమలాపురం పక్కన ఖాళీగా కూర్చున్నవాడికి గొప్పలు చెప్పుకోవడం కూడా ఒక ఉద్యోగమే. అయితే ఇప్పుడు రాస్తున్నది నాకు బాగా పేరు తెచ్చిపెట్టిన ఒక పని గురించి. దాన్ని గొప్పల్లో కలపాలో వద్దో నాకింకా తేలలేదు. పేర్లేవీ రాయడంలేదు. అందరి పరువూ కాపాడదామని కాదు, నాది కాస్త కాపాడుకుందామని.

మా షెడ్డు అర్దియాలో, వర్క్‌షాపులన్నీ ఒక్కచోట పోగుపడ్డ వైపు ఉండేది. అందులో గాజు తలుపుల గది ఒకటి. దాన్ని బూత్ అంటాం. బయట ఎంత దుమ్ము రేగినా లోపల రంగు మీద నలుసు పడకూడదని కట్టిన గది. నలుసు పడేది, అది వేరే సంగతి. పడ్డ నలుసుని గరుకు నీళ్ళ కాగితంతో అరగదీసి, పైన కాంపౌండు అనే తెల్ల పేస్టు రుద్ది, పాలిష్ పట్టి, అసలక్కడేమీ జరగనట్టు చెయ్యడమే నా విద్య. మొదటి ఇరవై రెండేళ్ళు ఆ విద్యతోనే బతికాను. మా కఫీల్, అంటే మా వీసాలకీ, షెడ్డుకీ, మా సుఖదుఃఖాలకీ యజమాని, నేను ముగించిన ప్రతి బండి తలుపు ముందూ నిలబడి అందులో చూసుకుంటూ తలగుడ్డ సర్దుకునేవాడు. గుడ్డ సరిగ్గా కుదిరితే పని పాస్. ఇంతకంటే సులువైన తనిఖీ నేనెక్కడా చూడలేదు.

షెడ్డులో తెలుగువాళ్ళం ఇద్దరమే. రెండో ఆయన రాయచోటి మనిషి. నేను భాయ్ అనేవాడిని, ఆయన నన్ను అన్నా అనేవాడు. రంగులు కలపడం ఆయన పని. చెప్పిన రంగు చెప్పినట్టు కలిపి, డబ్బా అడుగు కర్రతో గీకి, కర్ర పైకెత్తి ఎండలో చూసుకుని, మళ్ళీ గీకి, అప్పుడుగానీ నా చేతికిచ్చేవాడు కాదు. నేను రంగు కొట్టే గన్ పట్టుకుని బూత్‌లో వేళ్ళు విరుచుకుంటూ ఉండేవాడిని. "భాయ్, పాయసమా అది, అడుగంటుద్దని భయమా?" అని ఎన్నిసార్లు అరిచినా వినిపించుకున్న పాపాన పోలేదు.

ఆయనకి జీతం లేని రెండో ఉద్యోగం ఒకటుండేది. నా నోరు ఆయనే. ఇరవై రెండేళ్ళున్నాక కూడా నాకు అరబ్బీ ముక్కలు ఇరవైకి మించి రావు. ఏడాదికొకటి చొప్పున కూడా నేర్వలేదన్నమాట. కఫీల్ అన్నది భాయ్ నాకు తెలుగులో చెప్పేవాడు, నేనన్నది ఆయనకి అరబ్బీలో చెప్పేవాడు. ఉన్నదున్నట్టు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. "ఈయన మొహం, ఇంత ఎండలో రంగు కొడితే పొక్కులు లెగుస్తాయని తెలీదా" అని నేనంటే, ఆయన అటు తిరిగి ఏదో మెత్తగా అనేవాడు, కఫీల్ నవ్వి నా భుజం తట్టేవాడు. "ఏం చెప్పావు భాయ్?" అంటే, "ఎండ తగ్గినాక వేస్తే ముదీర్ పేరు నిలబడతాదని నువ్వు అంటాండావని చెప్పినా" అనేవాడు. ముదీర్ అంటే యజమాని, ఆ కఫీలే. ఆ షెడ్డులో నేను మర్యాదస్థుణ్ణని ఉన్న పేరంతా ఆయన తర్జుమా చలవే.

ఇలా ఉండగా కఫీల్ చెల్లెలి కొడుకు ఒక పాత అమెరికా బండి తెచ్చాడు. రెండే తలుపులు, ముందు భాగం మంచమంత పొడుగు. చక్రాల మీద రేకులు వెడల్పు చేయించాడు, బానెట్‌కి గాలి పోవడానికి చీలికలు పెట్టించాడు, వెనకాల తోక లాంటిది ఒకటి అతికించాడు. రంగు గురించి అరగంట మాట్లాడాడు. అందులో పదిసార్లు "మత్ఫీ" అన్నాడు.

"ఏంటంటాడు భాయ్?"

"మత్ఫీ కావాలంటన్నా. రంగు ఆరిపోయినట్టుండాలంట."

"ఆరకుండా ఎప్పుడిచ్చాం మనం? ఎవరో పచ్చిగా ఇచ్చుంటారు పాపం, బట్టలకంటుకుని ఉంటుంది. ఆరబెట్టే ఇస్తాం, బెంగెట్టుకోవద్దని చెప్పు."

భాయ్ నావైపు అనుమానంగా చూశాడు. ఈలోగా ఎవరో రంగు కోసం కేకేస్తే అటు వెళ్ళాడు. మేనల్లుడూ నేనూ ఒకరినొకరు చూసి సంతోషంగా తలలూపుకున్నాం. ఇద్దరికీ అంతా అర్థమైపోయింది.

వారం తర్వాత బండి సొట్టలు తీసే డెంటింగ్ పని అయ్యి నా దగ్గరికొచ్చింది. ప్రైమర్ కొట్టాను. ప్రైమర్ అంటే అసలు రంగుకి ముందు వేసే బూడిదరంగు పూత. ఇంటి గోడకి సున్నం ఎలాగో బండికి అది అలాగ. ఆ మధ్యాహ్నమే మేనల్లుడు ఫోన్ చేశాడు. "మత్ఫీ?" అనడిగాడు. ఆరిందా అని కదా. వేలితో తాకి చూశాను. ఆరింది. "మత్ఫీ, మత్ఫీ! ఖలాస్!" అన్నాను, అంటే అయిపోయిందని. నా ఇరవై ముక్కలూ చక్కగా పనికొస్తున్నాయని నాకు ముచ్చటేసింది కూడా.

సాయంత్రానికల్లా అయిదుగురు స్నేహితుల్ని వేసుకుని దిగాడు. ప్రైమర్‌తో బూడిద పూసుకున్నట్టున్న బండి చుట్టూ అందరూ తిరిగారు. తిట్టడానికే వచ్చారనుకున్నాను. ఇంతలో ఒకడు "మాషాఅల్లా" అన్నాడు. ఇంకొకడు ఫోటోలు తీశాడు. మేనల్లుడు వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. గోడకి సున్నం కొడితే ఇల్లంతా అయిపోయిందని గృహప్రవేశానికి వచ్చినట్టుంది వాళ్ళ వరస. భాయ్ పరుగెత్తుకొచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు. ఇది రంగు కాదని వాళ్ళకి చెప్పి పంపడానికి ఆయనకి పావుగంట పట్టింది. కొంచెం దిగాలుగానే వెళ్ళారు.

అప్పుడు నన్ను కూర్చోబెట్టి విడమరిచాడు. "ఆరడం అంటే తడి ఆరడం గాదన్నా. దీపం ఆరినట్టు. ఇండ్లల్లో మామాలు, ఆ ఇంటి యజమానురాళ్ళు, లైటు తఫ్ఫీ అనరా, ఆ మాటే ఇది. మెరుపు ఆరిపోవాల. మెరవగూడదు."

"మెరవకూడదా?"

"అస్సలు మెరవగూడదంట."

తెలుగులో దీపమూ ఆరుతుంది, రంగూ ఆరుతుంది, ఇందులో మన తప్పేం లేదు. కానీ మెరవని బండి కోసం మనిషి అంత డబ్బు పెట్టడమేంటో నాకు మింగుడు పడలేదు. కొన్న బండి వెల్లవేసినట్టుండాలని ఎవరైనా కోరుకుంటారా? మెరవకుండా ఉండటం చేతకానివాళ్ళకి ఊరికే వచ్చే విద్య అనే అనుకున్నాను. ఇరవై రెండేళ్ళు ఎవరెవరి దగ్గరో ఆ విద్య చూసి నవ్వాను కూడా.

తర్వాత ఎంపిక మొదలైంది. రంగు నలుపు. అది ఒక్క నిమిషంలో తేలింది. ఆ నలుపు ఎంత ఆరిపోయి ఉండాలన్నది తేలడానికి తొమ్మిది రోజులు పట్టింది. పూర్తిగా చచ్చిన నలుపు, కొంచెం ప్రాణమున్న నలుపు, పట్టుగుడ్డ మీద ఉండేటంత నిగారింపున్న నలుపు, ఆ మధ్యలో ఇంకోటి. నాలుగు రేకుముక్కల మీద కొట్టి ఎండలో పెట్టాం. మేనల్లుడు పొద్దున వచ్చి మొదటిది అనేవాడు, సాయంత్రం అసర్ నమాజు వేళకి వచ్చి మూడోది అనేవాడు. వాళ్ళమ్మకి వీడియోలో చూపించాడు. ఆవిడ నాలుగూ ఒకటేగా అంది. నాకు ఆ తల్లి మీద గొప్ప గౌరవం కలిగింది. చివరికో రోజు హుక్కాలో వేసే బొగ్గు ఒకటి కాగితంలో చుట్టి తెచ్చి, నిప్పంటించకముందు ఇది ఎలా ఉందో అలా కావాలన్నాడు. మా ఇంట్లో అంట్లు తోమడానికి తప్ప బొగ్గుని ఇంత శ్రద్ధగా ఎవరూ పట్టుకోలేదు. భాయ్ మాత్రం ఆ బొగ్గుని ఎండలో అటూ ఇటూ తిప్పి, రెండోదానికీ మూడోదానికీ మధ్యలో సరైన పాళ్ళు పట్టుకున్నాడు. బొగ్గు పక్కన రేకు పెడితే తేడా తెలియలేదు. అది ఎవరికి పడితే వాళ్ళకి చేతకాదు.

ఈ సరదా అంతా కఫీల్ ఒక్క మాటతో ఆపాడు. ఊళ్ళో అప్పటికే రంగు బదులు బండ్లకి స్టిక్కర్లు చుట్టడం మొదలైంది. మత్ఫీ స్టిక్కరైతే రెండు రోజుల్లో అయిపోతుంది, గన్ అక్కర్లేదు, బూత్ అక్కర్లేదు. కఫీల్‌కి అది బాగా నచ్చింది. మేనల్లుడి మొహం చూసి ఈ ఒక్కసారికి రంగు ఒప్పుకున్నాడు. శుక్రవారం అలాంటి బండ్లన్నీ ఒకచోట నిలబెట్టి చూపించుకునే సంబరం ఉంది, దానికి అందాలి. "ఇది బాగా కుదిరితే బూత్ ఉంచుతాడంట. లేకుంటే స్టిక్కర్ల సెక్షన్ పెడతాడంట. మనిద్దరూ వఫ్రా" అని భాయ్ తర్జుమా చేశాడు. ఆ రోజు మెత్తన చెయ్యడానికి ఆయనకీ ఏమీ దొరకలేదు.

వఫ్రాలో కఫీల్‌కి తోట ఉంది. దక్షిణాన దేశం చివర, బస్సులు సరిగా ఉండవు. ఇఖామాలో, అంటే అక్కడి గుర్తింపు కార్డులో, ఏం పని రాసుంటే ఏంటి, పని నచ్చనివాణ్ణి అక్కడికి తోలడం ఆయన అలవాటు. అప్పటికే మా డెంటర్ ఒకడు అక్కడ టమాటాలు కోస్తున్నాడు. నాకప్పుడు యాభై దాటాయి. మోకాళ్ళు వంగవు. అన్నిటికంటే, గన్ పట్టిన ఈ చేత్తో దోసపాదులకి పురికొస కట్టాలా అన్న ఊహకే నాకు జ్వరం వచ్చినంత పనైంది. భయపడ్డాను. దాన్ని దాచి ప్రయోజనం లేదు, తర్వాత నేను చేసినదంతా ఆ భయంతో చేసిందే.

మత్ఫీ క్లియర్ గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నల్లరంగు మీద ఆఖర్న కొట్టే పారదర్శకమైన పూత అది. దాంట్లో మెరుపుని చంపే పొడి ఒకటి కలిసి ఉంటుంది. డబ్బా కదలకుండా ఉంటే ఆ పొడి అడుక్కి దిగి మడ్డి కడుతుంది. బాగా కలపకుండా కొడితే పైనున్నది మామూలు క్లియర్‌లాగా మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. ఇది ఒకటి. రెండోది, దీన్ని కొట్టాక ముట్టుకోకూడదు. నలుసు పడితే చూసీ చూడనట్టు ఊరుకోవాలి, లేదంటే ఆ రేకు మొత్తం మళ్ళీ కొట్టాలి. డబ్బాతో వచ్చిన కాగితం భాయ్ చదివాడు. "పాలిష్ పట్టగూడదు, కాంపౌండు పెట్టగూడదు అని ఎర్రక్షరాలతో రాసినారన్నా."

"రాసేవాళ్ళదేం పోయింది, రాస్తారు. వాళ్ళెప్పుడైనా గన్ పట్టారా?"

"గన్ పట్టినోళ్ళు చెప్తేనే రాసుంటారు గదన్నా" అన్నాడు. నేను విననట్టు గన్ తుడుచుకున్నాను.

బుధవారం కొట్టాను. భాయ్ ఆ డబ్బాని కలిపిన కలపడం చూస్తే మీకు నిద్రొచ్చేది. నా గన్‌లో పోసిన తర్వాత కూడా, మిగిలింది మళ్ళీ కలుపుతూ బూత్ బయట నిలబడ్డాడు. నా చెయ్యి కూడా ఆ రోజు మాట విన్నది. ఒకే ఎత్తు, ఒకే నడక, పూతకీ పూతకీ మధ్య తొందరపడకుండా ఆగాను. ఆఖరి పూత కొట్టి వెనక్కి జరిగితే బండి మొత్తం తళతళలాడుతోంది. మామూలు బండే ఇది అనుకున్నాను. ఆ తర్వాత, చూస్తూ ఉండగానే, తోక దగ్గర మొదలుపెట్టి ముందుకి ఆ తళతళ పోవడం మొదలైంది. చప్పుడు లేదు. పది నిమిషాల్లో అక్కడ బండి ఆకారంలో నలుపు మాత్రమే మిగిలింది. అంత అందమైన పని నా చేత్తో అంతకుముందు ఎప్పుడూ జరగలేదు. గాజు తలుపు అవతల భాయ్ కర్ర పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. థిన్నర్ వాసనకని చెప్పాను.

గురువారం పొద్దున బానెట్ మీద నలుసు కనిపించింది. ఆవగింజలో సగం ఉంటుంది.

"వదిలెయ్యన్నా. ఎవురికీ కనపడదు" అన్నాడు భాయ్. మధ్యాహ్నం జోహర్ నమాజుకి వేళైతే మసీదుకి వెళ్ళాడు. మేనల్లుడూ కఫీలూ అసర్ తర్వాత వస్తామన్నారు. షెడ్డులో నేనూ బండీ మిగిలాం.

ఎవరికీ కనపడదు, నిజమే. నాకు కనపడుతోంది. నలుసున్న బండి ఇచ్చాడని రేపు ఎవరైనా అంటే? ఇరవై రెండేళ్ళ చెయ్యి నన్నడక్కుండానే వెళ్ళి నీళ్ళ కాగితం తడిపింది. నాలుగంటే నాలుగు రుద్దులు. నలుసు పోయింది. దాని చోట గీతలు వచ్చాయి. గీతలకి మందు కాంపౌండు అని చిన్నపిల్లాడికైనా తెలుసు. గుడ్డకి కొంచెం పెట్టి, తిప్పి తిప్పి రుద్దాను. తుడిచి చూస్తే రూపాయి బిళ్ళంత మేర నిగనిగలాడుతోంది. అబ్బ, ఏం మెరుపు! ఇంకెప్పుడైనా అయితే సంతోషంగా ఈల వేసుకునేవాణ్ణి. దాని అంచులు కలపడానికి చుట్టూ రుద్దాను. చపాతీ అంతయింది. చేతిలో గుడ్డ పడేసి అక్కడే నేలమీద కూలబడ్డాను.

భాయ్ వచ్చాడు. చూశాడు. వంగి చూస్తే బానెట్ చీలికల్లో తెల్లగా కాంపౌండు ఆరిపోయి ఉంది. తన భుజం మీది తువాలు తీసి, కొస తడిపి, ఆ చీలికలన్నీ ఒక్కొక్కటే తుడిచాడు. "పోనీలే అన్నా. రుద్దబోతే ఇట్లయిందని చెబ్దాం. బానెట్ ఒక్కటే గదా, పొద్దు గూకేలోగా మళ్ళీ కొట్టేస్తావు" అన్నాడు. సరే అన్నాను. నిజంగానే చెబుదామనుకున్నాను. మీరు నమ్మకపోయినా ఫరవాలేదు.

కఫీల్ ముందు వచ్చాడు, వెనకాల మేనల్లుడు. బండి చుట్టూ తిరుగుతున్నంతసేపూ ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. బానెట్ దగ్గర ఆరిపోయాయి. మేనల్లుడు ఆ మెరుపు మీద వేలు పెట్టి కఫీల్ వైపు చూశాడు. కఫీల్ నావైపు చూశాడు. "షినూ హాదా?" ఇదేంటని. అది నా ఇరవై ముక్కల్లో ఉన్నదే. ఆ వెంటనే ఆయన నోట్లోంచి స్టిక్కర్ అన్న మాట వచ్చింది, వఫ్రా అన్న మాట వచ్చింది. మిగతాది నాకు అర్థం కాలేదు, అక్కర్లేదు కూడా.

భాయ్ నావైపు తిరిగాడు. "చెప్పన్నా" అన్నాడు.

నేను నేలచూపులు చూస్తూ, "డబ్బా కలపడంలో ఏదో తేడా వచ్చుంటుందని చెప్పు" అన్నాను.

నేను తలెత్తలేదు. ఆయన అరబ్బీలో మొదలుపెట్టాడు. ఎప్పుడూ గడగడా మాట్లాడే మనిషి, ఒక మాట చెప్పి ఆగాడు. ఇంకో మాట చెప్పి ఆగాడు. డబ్బా. కలపడం. సరిగ్గా. లేదు. నాకు తెలిసిన మాటలు, తెలియని మాటలు కలిసి ఒక్కొక్కటే పడ్డాయి. ఇన్నేళ్ళలో నా మాట ఒక్క అక్షరం మారకుండా ఆయన తర్జుమా చేసింది ఆ ఒక్కసారే.

కఫీల్ "మినూ?" అన్నాడు. కలిపిందెవరని.

"అనా" అన్నాడు భాయ్. నేనని.

"బాచిర్ వఫ్రా" అన్నాడు కఫీల్. రేపే వఫ్రా. నాకు మళ్ళీ కొట్టమని చేత్తో సైగ చేసి వెళ్ళిపోయాడు.

భాయ్ తన కర్రలన్నీ థిన్నర్‌తో కడిగి, తుడిచి, డబ్బాలో నిలబెట్టాడు. "పైన మూత బిగించి పెట్టన్నా, ఆరిపోతాది" అని మాత్రం అన్నాడు. సాయంత్రం నేనే క్లియర్ కలుపుకుని బానెట్ కొట్టాను. ఎక్కడా మచ్చ లేదు. ఎందుకుంటుంది, ఈసారి రుద్దలేదు కదా. కఫీల్ చూసి, చూశావా, మనిషి మారితే మెరుపు పోయిందని పక్కవాళ్ళతో అన్నాడట. నా అబద్ధానికి నా పనితనమే సాక్ష్యం చెప్పింది. ఇంత గట్టి సాక్ష్యం కోర్టుల్లో కూడా దొరకదు.

శుక్రవారం బండి సంబరానికి వెళ్ళింది. ఇంకేముంది, అందరికీ ఆరిపోయిన బండ్లే కావలసివచ్చాయి. బూత్ నిలబడింది. స్టిక్కర్ల మాట కఫీల్ మర్చిపోయాడు. నన్ను మత్ఫీ మాస్టర్ అనడం మొదలుపెట్టారు. అల్ రాయ్ షోరూముల నుంచి కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మెరుపుని చూసి మెచ్చుకున్న ఊరే, మెరుపు లేనందుకు కూడా మెచ్చుకుని పేరు పెట్టింది.

నాలుగు నెలలకి ఒక శుక్రవారం వఫ్రా వెళ్ళాను. నాలుగు నెలలు బస్సు దొరకలేదని కాదు. సగం దూరం బస్సు, సగం దూరం కూరగాయల పికప్‌లో. ప్లాస్టిక్ కప్పిన పందిరి కింద భాయ్ నీలం డ్రమ్ములో మొక్కలకి మందు కలుపుతున్నాడు. ఎండకి మనిషి సగమయ్యాడు. నన్ను చూసి కర్ర వదిలేసి ఎదురొచ్చాడు.

"ఏంనా! ఇంత దూరం వచ్చినావే!"

టీ పెట్టాడు. దోసకాయలు కోసి ఉప్పు అద్ది ఇచ్చాడు. షెడ్డు సంగతులడిగాడు, కొత్తగా కలిపే మనిషి ఎట్లాంటోడని అడిగాడు. బస్సులో కూర్చుని నేను ఏమేం అనాలో మూడు రకాలుగా తయారుచేసుకున్నాను. క్షమించమని అడగడానికి అంత దూరం వెళ్ళినవాడి నోట్లోంచి చివరికి వచ్చిన మాట ఇది:

"ఆ రోజు నువ్వైనా మార్చి చెప్పుండాల్సింది భాయ్. నా మాటలు ఎన్నిసార్లు మార్చలేదు నువ్వు!"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"మారుస్తావనే నిదానంగా చెప్పినా అన్నా. ఒక్కో మాట చెప్పి ఆగినా. నువ్వేమన్నా మారుస్తావేమోనని."

నేను చేతిలోని దోసకాయ ముక్కని మళ్ళీ ఉప్పులో అద్దాను.

"వఫ్రాకి వచ్చినందుకు బాధ గాదులే. యాడైనా పనే. డబ్బా కలపలేదన్నావు సూడు. అదీ నా నోటితోనే చెప్పిచ్చినావు."

ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది. "కఫీల్‌కి చెప్పేస్తాను భాయ్. ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. చెప్పమంటావా?" అన్నాను.

"అది నన్నడిగి చెప్పేదా అన్నా?" అన్నాడు.

బస్సు తప్పిపోతుందని ఆయనే లేపాడు. ఒక సంచిలో దోసకాయలు పోసి ఇచ్చాడు. రెండేళ్ళు ఆ తోటలోనే పనిచేసి, అట్నుంచటే రాయచోటి వెళ్ళిపోయాడు.

కుర్రాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి కాబట్టి చెప్తాను. మత్ఫీ క్లియర్ అడుగు దాకా కలపండి, కొట్టాక రుద్దకండి. ఎర్రక్షరాలు చదవండి. అరబ్బీ తొందరగా నేర్చుకోండి. భాయ్ వెళ్ళాక నాకు నోరు లేకుండా పోయింది, తప్పనిసరై నేనే నేర్చుకున్నాను. అందులో బాగా వాడుకున్న మాటలు రెండు. "అనా సవ్వేత్." నేను చేశాను అని. కువైట్‌లో నా ఆఖరి ఆరేళ్ళూ ఆ రెండు మాటలు తెగ వాడాను. టీ గ్లాసు పగిలితే అన్నాను. బూత్‌లో లైటు ఆర్పడం మర్చిపోతే అన్నాను. కఫీల్ మెచ్చుకున్న ప్రతి బండి పక్కనా నిలబడి, ఛాతీ విరుచుకుని మరీ అన్నాను. ఆ ఒక్క బానెట్ గురించి అనలేదు.